మోటారు సైకిల్ మీటరు మార్పిడి

మోటారు సైకిలుకు కంపెనీ బిగించి ఇచ్చిన మీటరు సెట్టును తీసి, ఆ స్థానంలో మరో మోడల్ మీటరును అమర్చడాన్ని మీటరు మార్పిడి అంటారు. అదే మోడల్‌లో తర్వాతి సంవత్సరాల మీటరు వేసినా, బజారులో దొరికే యూనివర్సల్ డిజిటల్ మీటరు వేసినా ఈ పేరే వర్తిస్తుంది. హ్యాండిల్‌కు ముందు, హెడ్‌లైట్ డోమ్‌కు పైన ఉండే ఈ భాగంలో స్పీడోమీటరు, తిరిగిన దూరాన్ని లెక్కగట్టే ఓడోమీటరు, పెట్రోలు ముల్లు, న్యూట్రల్, హై బీమ్, ఇండికేటర్ల దీపాలు ఉంటాయి. కొన్ని బండ్లలో ఇంజను తిరిగే వేగాన్ని చూపే టాకోమీటరు, ఇంజను హెచ్చరిక దీపం, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు వ్యవస్థ దీపం కూడా చేరతాయి.

బండి అలంకరణలో దీన్ని సీటు కవరు, అద్దాలు, స్టిక్కర్ల సరసన చేర్చడం వాడుకలో ఉంది. అది సరైన వర్గీకరణ కాదు. మీటరు ఒక కొలత పరికరం. అది ఏ చక్రానికి, ఏ ట్యాంకుకు, ఏ ఇంజనుకు లెక్క కట్టి తయారైందో అక్కడే నిజం చెబుతుంది. మరో బండికి ఎక్కిస్తే, ఆ లెక్కను మళ్లీ సరిచేసేదాకా అది చూపే అంకెను నమ్మడానికి లేదు.

చరిత్ర

తిరిగే అయస్కాంతంతో వేగాన్ని చూపే స్పీడోమీటరుకు జర్మనీ ఇంజినీరు ఒట్టో షుల్జ్ 1902లో బెర్లిన్‌లో పేటెంటు పొందాడు. కేబులుతో నడిచే మీటర్లు నేటికీ ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి. ఒక బండి భాగాలను మరో బండికి వేసే అలవాటు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో, వేగం కోసం బండ్లను మార్చుకునే కేఫ్ రేసర్ల కాలంలో బలపడింది. నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను కూర్చిన ‘ట్రైటన్’ అప్పటి సృష్టే.

భారతదేశంలో 1955లో మద్రాసులో కూర్పు మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు హెడ్‌లైట్ పైభాగపు లోహపు పోతలోనే ఒదిగి ఉండేవి. మార్చాలన్నా పెద్దగా చోటు ఉండేది కాదు. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఇవన్నీ కేబులు మీటర్ల బండ్లు. కేబులు కొస సరిపోతే, బ్రాకెట్ కుదిరితే, నాలుగు దీపాల వైర్లు కలిస్తే మీటరు మార్పిడి పూర్తయ్యేది. నైపుణ్యమంతా వెల్డింగ్ దగ్గరే ఉండేది.

2007 ప్రాంతంలో ఈ పరిస్థితి మారింది. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160, బజాజ్ పల్సర్ శ్రేణిలోని బండ్లు డిజిటల్ అంకెలతో వచ్చాయి. 2008లో యమహా ఎఫ్‌జెడ్ 16, 2009లో హీరో హోండా కరిజ్మా జెడ్‌ఎంఆర్ పూర్తి డిజిటల్ మీటర్లతో విడుదలయ్యాయి. యువకులు తమ పాత బండికి కొత్త బండి ‘ముఖం’ కోరుకోవడం ఈ కాలంలోనే ఎక్కువైంది. 2017లో కేటీఎం డ్యూక్ 390కి రంగుల టీఎఫ్‌టీ తెర వచ్చింది. 2018లో టీవీఎస్ ఎన్‌టార్క్ 125 స్కూటరు ఫోనుతో బ్లూటూత్ ద్వారా జతకూడే మీటరుతో వచ్చింది. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 దారి చూపే ‘ట్రిప్పర్’ గుండ్రటి తెరను తెచ్చింది. 2022లో స్ప్లెండర్ ప్లస్ ఎక్స్‌టెక్ రాకతో వంద సీసీ బండికీ పూర్తి డిజిటల్ మీటరు దక్కింది.

చట్టపరమైన మార్పుల ప్రభావం కూడా తక్కువది కాదు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 ఉద్గార ప్రమాణాలు అమలయ్యాయి. వాటితో చాలా బండ్లలో కార్బ్యురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షను, దానితో ఇంజను హెచ్చరిక దీపం వచ్చాయి. అప్పటిదాకా వేగాన్ని, పెట్రోలును చూపితే సరిపోయిన మీటరు, బండిలోని లోపాలను కూడా రైడరుకు చెప్పే పరికరమైంది.

నిజాంసాగర్–బాన్సువాడ ప్రాంతంలో

తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో మంజీర నది మీద 1923–1931 మధ్య కట్టిన నిజాంసాగర్ ప్రాజెక్టు, దాని కాలువల కింది వరి, చెరకు పొలాలు ఈ ప్రాంతపు రాకపోకలకు ఒక రూపం ఇచ్చాయి. పొలానికి, బజారుకు, బ్యాంకుకు, ఆసుపత్రికి అన్నిటికీ మోటారు సైకిలే. కాలువ కట్టల మీది మట్టి దారులు, దమ్ము చేసిన మళ్ల బురద, కోతల కాలపు దుమ్ము ముందు చక్రం హబ్‌లోని మీటరు గేరును, కేబులును త్వరగా తినేస్తాయి. అందుకే ఇక్కడ మీటరు మార్పిడికి అందం కన్నా ముందున్న కారణం పాత మీటరు ఆగిపోవడం. కంపెనీ మీటరు ధర, మరో బండి నుంచి తీసిన మీటరు ధర పక్కపక్కన పెట్టి చూసుకుని యజమాని రెండోదాని వైపు మొగ్గుతాడు. వేరే దారి కూడా ఒకటుంది: మీటరు పనిచేయకపోయినా అలాగే నడపడం. పల్లెల్లో చాలామంది ఆ దారి పడతారు.

బండి ఏ తరానిదో, దానికి ఎలాంటి మీటరు వచ్చి ఉంటుందో నంబరు ప్లేటు కొంతవరకు చెబుతుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో రాష్ట్ర విభజనకు ముందు నమోదైనవి ఏపీ 25 బండ్లు. వీటిలో అధికభాగం కార్బ్యురేటరు బండ్లే, కేబులు మీటరువి చాలా ఉన్నాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ 16 వచ్చింది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 17 వచ్చింది. ఈ శ్రేణి పాత బండ్లలో ఎక్కువ భాగం బీఎస్ 4కు, 2020 తర్వాతివి బీఎస్ 6కు చెందుతాయి. 2024 మార్చి నుంచి టీఎస్ బదులు టీజీ వాడుకలోకి వచ్చింది. టీజీ 17 ప్లేటుతో కొత్తగా నమోదైన బండికి మీటరు మార్చడం, ఏపీ 25 బండికి మార్చడం పేరుకు ఒకటే పని గానీ చేతిలో రెండు వేరువేరు పనులు.

విడిభాగాల కోసం మెకానిక్కులు నిజామాబాద్, కామారెడ్డి బజార్ల మీద ఆధారపడతారు. అక్కడ దొరకనివాటికి హైదరాబాదులోని జాంబాగ్, పుత్లీబౌలి ప్రాంతం ద్విచక్ర వాహనాల సామానుకు పేరున్న చోటు.

రకాలు

మార్పిడిని నాలుగు తరగతులుగా చూడవచ్చు. అదే మోడల్‌లో కొత్త సంవత్సరపు మీటరును పాత బండికి వేయడం మొదటిది, అన్నిటిలో తేలికైనది. బ్రాకెట్, చక్రం కొలత మారకపోవచ్చు, మారేది వైర్లను కలిపే కప్లరు. అయితే 2024లో పల్సర్ ఎన్‌ఎస్ శ్రేణికి వచ్చినట్టు మీటరు పూర్తిగా కొత్త తరానిదైతే ఈ తేలిక పోతుంది. రెండోది ఒకే కంపెనీ వేరే మోడల్‌ది. వైర్ల రంగులు సాధారణంగా కలుస్తాయి, కొలతలు కలవవు. మూడోది ఒక కంపెనీ మీటరును మరో కంపెనీ బండికి వేయడం. ఇక్కడ ఏదీ కలుస్తుందని అనుకోకూడదు.

నాలుగోది యూనివర్సల్ మీటరు. ఇందులో చక్రం చుట్టుకొలతను, చక్రం ఒక చుట్టు తిరిగితే సెన్సారు నుంచి వచ్చే పల్సుల సంఖ్యను, ట్యాంకు యూనిట్ నిరోధాన్ని మనమే బటన్లతో నింపుకునే వీలుంటుంది. చూడటానికి ఆడంబరంగా ఉండే ఈ మీటరు, కొలత విషయంలో మిగతా మూడు రకాల కన్నా నిజాయితీగా పనిచేసే అవకాశం ఉంది, నింపేవాడు సరిగ్గా నింపితే. చౌకరకం వాటిలో నీరు చేరడం, ఎండలో తెర నల్లబడటం మామూలు.

వేగం లెక్క

కేబులు మీటరులో ముందు చక్రం హబ్‌లోని గేరు కేబులును తిప్పుతుంది. కేబులు కొసన ఉన్న అయస్కాంతం ఒక అల్యూమినియం కప్పులో తిరుగుతుంది. కప్పులో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాల వల్ల అది అయస్కాంతం వెంట లాగబడుతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటరుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలన్నది మీటరు తయారీలోనే నిర్ణయమవుతుంది. ఉదాహరణకు 1400 చుట్లకు ఒక కిలోమీటరుగా లెక్కించే మీటరును, కిలోమీటరుకు 1000 చుట్లే తిప్పే హబ్‌కు కలిపితే 70 కి.మీ. వేగంలో అది 50 చూపుతుంది. మీటరుతోపాటు హబ్ గేరును కూడా తెచ్చుకుంటే ఈ తేడా చాలావరకు పోతుంది, ఆ గేరు మన హబ్‌లో కూర్చుంటేనే.

డిజిటల్ మీటరుకు కేబులు ఉండదు. చక్రం దగ్గర గానీ గేర్‌బాక్సు దగ్గర గానీ ఉన్న సెన్సారు పల్సులు పంపుతుంది. మీటరులోని చిప్ పల్సులను లెక్కించి, చక్రం చుట్టుకొలతతో గుణించి అంకె చూపుతుంది. ఆ చుట్టుకొలత చిప్‌లో ముందే రాసి ఉంటుంది. 80/100-18 టైరు వ్యాసం సుమారు 617 మి.మీ., చుట్టుకొలత సుమారు 1939 మి.మీ. అదే వెడల్పున్న 80/100-17 టైరు చుట్టుకొలత సుమారు 1859 మి.మీ. పల్సుల సంఖ్య ఒకటే అయినా, 17 అంగుళాల చక్రానికి తయారైన మీటరును 18 అంగుళాల చక్రం ఉన్న స్ప్లెండర్ లాంటి బండికి వేస్తే, అది ప్రతి చుట్టుకూ 80 మి.మీ. తక్కువ లెక్కిస్తుంది. బండి 60 కి.మీ. వేగంతో పోతుంటే తెర మీద 57 లేదా 58 కనిపిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగితే ఓడోమీటరులో 96 కిలోమీటర్ల లోపే పడుతుంది.

ఈ తేడా చిన్నదే అయినా ప్రమాదకరమైన దిశలో ఉంది. తయారీదారులు మీటరు కాస్త ఎక్కువ చూపేలా చేస్తారు గానీ తక్కువ చూపనివ్వరు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటరు చూపే వేగం అసలు వేగం కన్నా ఎప్పుడూ తక్కువ కాకూడదు. సెన్సారు ఉన్న చోటు కూడా మారితే తేడా ఇంకా పెరుగుతుంది. గేర్‌బాక్సు సెన్సారు నుంచి పల్సులు తీసుకునే మీటరుకు చక్రపు సెన్సారు కలిపితే అంకె కొన్ని రెట్లు తప్పవచ్చు. అది ఒక విధంగా మేలే, తప్పు వెంటనే కంటికి తెలుస్తుంది.

పెట్రోలు ముల్లు, టాకోమీటరు

ట్యాంకులో తేలే ఫ్లోటు పైకీ కిందికీ కదిలితే ట్యాంకు యూనిట్‌లో నిరోధం మారుతుంది. కొన్ని బండ్లలో ట్యాంకు ఖాళీ అయితే నిరోధం పెరుగుతుంది, కొన్నిటిలో తగ్గుతుంది. ఈ రెంటినీ కలగలిపితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముల్లు అడుగున, పెట్రోలు అయిపోయినప్పుడు పైన నిలుస్తుంది. పద్ధతి ఒకటే అయి విలువలు మాత్రమే వేరైతే, వైరు మధ్యలో వరుసగానో సమాంతరంగానో తగిన రెసిస్టరు కలిపి సరిచేయవచ్చు. పద్ధతే వేరైతే మీటరుకు సరిపోయే ట్యాంకు యూనిట్ వేయడం మేలు.

టాకోమీటరు ఇంజను జ్వలన పల్సులను లెక్కిస్తుంది. ఒకే సిలిండరున్న చాలా బండ్లలో ఇంజను ప్రతి చుట్టుకూ ఒక మెరుపు వస్తుంది, కొన్నిటిలో రెండు చుట్లకు ఒకటి. మీటరు ఒక లెక్కకు, ఇంజను మరో లెక్కకు ఉంటే ముల్లు సగమో రెట్టింపో చూపుతుంది.

వైర్ల రంగులు

మార్పిడిలో చాలా మీటర్లు కాలిపోయేది వైర్లు కలిపే దగ్గరే. హోండా సంప్రదాయంలో ఆకుపచ్చ వైరు ఎర్త్, నల్లది తాళం తిప్పితే కరెంటు వచ్చే లైను, ఎర్రది నేరుగా బ్యాటరీది. హీరో హోండా బండ్లు దీన్నే అనుసరించాయి. యమహాలో నల్లది ఎర్త్, తాళం లైను గోధుమరంగుది. అందుచేత యమహా మీటరును స్ప్లెండర్‌కు వేసేవారు నలుపును నలుపుతో కలిపితే కరెంటు లైనును తీసుకెళ్లి ఎర్త్‌కు కట్టినట్టే. ఫ్యూజు మంచిదైతే అది పోతుంది, లేకపోతే వైరింగు పోతుంది. పాత కప్లరును కోసే ముందు ప్రతి వైరునూ మల్టీమీటరుతో చూసి, దేనికేది అన్నది కాగితం మీద రాసుకోవడం ఈ పనిలో మొదటి నియమం. రెండు కప్లర్ల మధ్య విడిగా ఒక జోడింపు వైరింగు తయారు చేసుకుంటే అసలు వైరింగును కోయవలసిన అవసరమే రాదు. పాత మీటరును ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు కూడా.

పాత బండ్లలో హెడ్‌లైటు, మీటరు వెలుతురు బల్బు మాగ్నెటో నుంచి నేరుగా వచ్చే ఏసీ కరెంటుతో వెలిగేవి. ఇంజను వేగం పెరిగితే వెలుగు పెరిగేది. ఆ లైను డిజిటల్ మీటరుకు పనికిరాదు, బ్యాటరీ నుంచి వచ్చే డీసీ లైనునే ఇవ్వాలి. 6 వోల్టుల పాత బండ్లకు ముందు కరెంటు వ్యవస్థనే మార్చుకోవలసి వస్తుంది. గడియారం, ట్రిప్ లెక్క గుర్తుండే మీటర్లకు తాళం లైనుతోపాటు ఎప్పుడూ కరెంటుండే మరో లైను కావాలి.

ఇండికేటర్ల దగ్గర ఒక చిక్కు తరచూ వస్తుంది. కొన్ని మీటర్లలో ఎడమ, కుడి రెంటికీ కలిపి ఒకే దీపం ఉంటుంది. దాన్ని రెండు వైపుల వైర్ల మధ్య నేరుగా కలిపి, బయట ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేస్తే, ఎడమ వైపు స్విచ్ నొక్కగానే నాలుగూ వెలుగుతాయి. ఆ దీపం గుండా కరెంటు రెండో వైపుకు జారడమే దీనికి కారణం. ఒక్కో వైపు నుంచి ఒక్కో డయోడు పెట్టి, దీపం రెండో కొసను ఎర్త్‌కు ఇస్తే చిక్కు తీరుతుంది.

బీఎస్ 6, ఏబీఎస్ బండ్లు

వీటిలో మీటరు ఒంటరిది కాదు. ఇంజను కంట్రోల్ యూనిట్, ఏబీఎస్ యూనిట్, మీటరు తమలో తాము సమాచారం పంచుకుంటాయి. చాలా బండ్లలో బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతిలో రెండు వైర్ల మీదే ఈ సంభాషణ సాగుతుంది. ఒక కంపెనీ భాష మరో కంపెనీ మీటరుకు తెలియదు. కాబట్టి వైర్లన్నీ సరిగ్గా కలిపినా తెర మీద అంకెలు రాకపోవచ్చు.

అంకెలు వచ్చినా ఏబీఎస్ దీపం లేని మీటరును ఏబీఎస్ బండికి వేయడం తగదు. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, బండి కదిలి కొంత వేగం అందుకున్నాక ఆరాలి. ఆరకపోతే ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం. దీపమే లేకపోతే ఆ సంగతి రైడరుకు తెలిసేది గట్టిగా బ్రేకు వేసిన రోజునే. ఇంజను హెచ్చరిక దీపం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

బిగింపు

మీటరును చట్రానికి నేరుగా బోల్టు వేయకుండా రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాలి. 350 సీసీ సింగిల్ సిలిండరు ఇంజను అదురుకు గట్టిగా బిగించిన తెరల టంకాలు విడిపోతాయి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, కేబుళ్లు గానీ వైరింగు గానీ ఎక్కడా లాగబడటం లేదని చూడాలి. మీటరు వెనక నీరు కారిపోయే రంధ్రాలను టేపుతో మూసేయడం వానాకాలం కోసం చేసే పనే. కానీ లోపలి తేమ బయటికి పోయే దారి లేక అద్దం మీద మంచు పట్టడానికి అదే కారణమవుతుంది.

ఓడోమీటరు, అమ్మకం

సెకండ్ హ్యాండ్ డిజిటల్ మీటరు తన పాత బండి తిరిగిన దూరాన్ని వెంట తెస్తుంది. అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి పన్నెండు వేలు చూపే మీటరు ఎక్కడం ఇలా జరుగుతుంది. యజమానికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా, తర్వాత కొనేవారు ఆ అంకెనే నమ్మి ధర కడతారు. ఇంజను ఆయిలు, చైను మార్చవలసిన లెక్కలూ తప్పుతాయి. మార్చిన తేదీ, ఆనాటి రెండు రీడింగులు సర్వీసు పుస్తకంలో రాసి పెట్టుకోవడమే దీనికి సరైన పరిష్కారం. వేరే రీడింగు రాయించుకునే సేవలు బజారులో ఉన్నాయి. అసలు దూరానికి సరిచేయడానికి, దూరాన్ని దాచడానికి కూడా పరికరం ఒకటే. అమ్మకంలో తగ్గించి చూపడం మోసం కిందికే వస్తుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో విభేదించేలా వాహనాన్ని మార్చకూడదు. వాహనం మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపు మార్పునే ఈ సెక్షన్ మార్పుగా నిర్వచించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు అసలు నిర్దేశాలకు భిన్నంగా వాహనాలను మార్చడం చెల్లదని చెప్పింది. అదే ఏడాది సవరించిన 182ఏ సెక్షన్, చట్టం అనుమతించని రీతిలో విడిభాగాలు అమర్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది.

మీటరు మార్పిడి వీటి పరిధిలోకి వస్తుందా అన్న విషయంలో రెండు వాదనలకూ చోటుంది. మీటరు వివరాలు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండవు, దాన్ని మార్చినంత మాత్రాన బండి మౌలిక లక్షణం మారదు. మరోవైపు, కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 117వ నియమం స్పీడోమీటరును తప్పనిసరి చేసింది. పనిచేయని మీటరు గానీ ప్రమాణానికి నిలవని మీటరు గానీ ఉన్న బండి ఆ నియమానికి విరుద్ధం. తయారీదారు స్వయంగా అమ్మే అదనపు పరికరాలకు ఈ చిక్కు తక్కువ. వారంటీలో ఉన్న బండి వైరింగును కోస్తే విద్యుత్ భాగాల మీద వారంటీ పోవచ్చు. బీమా సంస్థకు మార్పును ముందే తెలపడం క్షేమం.

సరిచూడటం

మార్చిన మీటరును రెండు విధాలుగా పరీక్షిస్తారు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద వెనక కూర్చున్నవారు ఫోనులో జీపీఎస్ వేగాన్ని చూస్తూ, నడిపేవారు 30, 40, 50 కి.మీ. వద్ద మీటరును నిలకడగా పట్టి ఉంచడం ఒకటి. జీపీఎస్ అంకె కాస్త ఆలస్యంగా మారుతుంది కాబట్టి ఒక్కో వేగం వద్ద కొన్ని క్షణాలు ఆగాలి. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో ట్రిప్ మీటరును పోల్చడం రెండోది. ఒక రాయి తన చోట లేకపోవచ్చు గనుక పది రాళ్ల దూరమైనా తీసుకోవాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉన్నాకే ఈ పరీక్షలు చేయాలి. పది కిలోమీటర్లకు ట్రిప్ మీటరు పది కన్నా తక్కువ చూపితే చక్రం లెక్క సరిపోలేదని అర్థం, వేగం కూడా తక్కువే చూపుతోందని అర్థం. గేరు గానీ సెట్టింగు గానీ మార్చి, రెండు పరీక్షలూ మళ్లీ చేయాలి. తీసేసిన అసలు మీటరును పారేయకుండా దాచి, బండి అమ్మే రోజున కొన్నవారికి రీడింగుతో సహా అప్పగించాలి.